త్రాటికి రెండు కొసలు

ఏ విద్యయందైనను ఆరితేరినవాని స్వభావమును తెలిసికొనగోరువారు, అతడు తన సమానులతో మెలగు తీరును చూచి తృప్తిపడరాదు. నిన్ననో మొన్ననో వచ్చి చేరిన క్రొత్తవానితో అతడు మాటలాడు తీరును గమనింపవలెను. సమానుల నడుమ పేరు నిలుపుకొనవలెనను జాగ్రత్త యుండును; పెద్దల సమక్షమున వినయము అప్రయత్నముగా వచ్చి చేరును; ఏమియు తెలియనివాని యెదుట మాత్రము ఈ రెండు కాపుదలలును తొలగిపోయి, విద్య ఆ మనిషిలో ఎంతలోతునకు దిగినదో, అహంకారము ఎంత మిగిలినదో స్పష్టముగా కానవచ్చును.

ఈ సంగతిని పరీక్షించుటకు శిలారోహణమును మించిన రంగము లేదని నా తలంపు. కచ్చేరీలో క్రొత్త గుమాస్తా చేసిన పొరపాటు నెలాఖరు లెక్కలలో బయటపడును. సంగీతసభలో తప్పిన తాళము మరునాటికి మరుపున పడును. నిలువు బండపై జరిగిన పొరపాటు ఆ క్షణముననే ఫలించును. అంతకన్న విశేషము మరియొకటి కలదు. ఎక్కువాని నడుమునకు కట్టిన త్రాటి రెండవ కొస క్రింద నిలిచినవాని అధీనమున నుండును. ఎక్కువాని చేయి జారినపుడు ఆ త్రాటిని బిగబట్టి అతనిని నడిమినే నిలుపు పనిని ఆరోహకులు ‘బిలే’ యందురు. ఎన్నో యేండ్ల అనుభవముగల ప్రవీణుడైనను, ఆ పని నేర్చి కొన్ని వారములైన కాని యువకుని చేతిలో తన ప్రాణమును పెట్టి బండనెక్కవలసిన దినములు వచ్చుచుండును. నేర్పువానిని, నేర్చువానిని ఇంత ప్రత్యక్షముగా ఇరువైపులను బంధించు విద్యలు అరుదు. కావున ప్రవీణులు క్రొత్తవారియెడల ఎట్లు ప్రవర్తింతురు, ఎట్లు ప్రవర్తింపవలెను, క్రొత్తవారు ఆ ప్రవర్తనను ఎట్లు గ్రహింపవలెను అను మూడు ప్రశ్నలను ఈ బండ దగ్గర నిలిచి విచారించినచో, దొరకు సమాధానము ఇతర వృత్తులవారికిని అక్కరకు వచ్చును.

పరుషత్వమునకు మూలములు

మొదటిసారి బండ దగ్గరకు పోయివచ్చిన యువకులు సాధారణముగా చెప్పు ఫిర్యాదులు మూడు: అక్కడి పెద్దలు పలుకరింపరు, పలుకరించినను గద్దింతురు, తాము వణకుచు ప్రాకిన మార్గమును చూచి, ఇదియు ఒక ఘనకార్యమా యన్నట్లు పెదవి విరుతురు. ఈ మూడింటికిని మూలములు వేరువేరు గనుక, అన్నింటిని ఒకే గాట కట్టి, వీరందరును గర్వాంధులని తేల్చి వెడలివచ్చుట న్యాయము కాదు.

పలుకరింపకపోవుటకు తరచు కారణము ఏకాగ్రత. రాబోవు పదియడుగులలో ఏ చేతికి ఏ పట్టు దొరకునో, ఏ పాదమును ఎక్కడ మోపవలెనో మనస్సులో కూర్చుకొనుచున్నవాడు ప్రక్కవాని నమస్కారమును చూడకపోవచ్చును. అతడు దిగివచ్చి, చేతులకంటిన చాక్ పొడి దులుపుకొని, నీళ్లు త్రాగి కూర్చున్న పిమ్మట పోయి పలుకరించినచో, ఉదయమున మూగవానివలె తోచిన ఆ మనిషియే సాయంకాలము వరకు విడువక మాటలాడుట కద్దు.

గద్దింపునకు మూలము భయము. అది కొంత మనిషిని గూర్చినది, కొంత బండను గూర్చినది. త్రాటిముడి సగము వేసి మాటలలో పడిపోయినవానిని చూచినపుడు, ఇతరుల ప్రమాదములను కన్నులార చూచినవాని నోట మృదువైన మాట రాదు, కేకయే వచ్చును. ఇక బండను గూర్చిన భయమునకు ఫ్రాన్సు దేశమున, పారిస్ నగరమునకు దక్షిణముగా నున్న ఫాంటెన్‌బ్లో అరణ్యమును చూడవలెను. అచ్చట అడవినిండ ఇసుకరాతి గుండ్లు. వాని క్రింద నేలయంతయు ఇసుక. జోళ్ల అడుగున ఇసుక రేణువులతో రాతిపై కాలు మోపినచో, ఆ రేణువులు రాతిని ఒరసి పట్టులను నునుపు చేయును. వాన వెలిసిన వెంటనే ఎక్కబూనినచో, తడిసిన ఇసుకరాయి బలము తగ్గియుండును గనుక చిన్న పట్టులు విరిగి చేతికి వచ్చును. విరిగిన పట్టు మరల మొలవదు. క్రొత్తవానికి ఇవేవియు తెలియవు గనుక, “జోళ్లు తుడుచుకో”, “రాయి ఆరనీ” అను కేకలలో అతనికి అవమానమే వినిపించును; కేక వేసినవానికి మాత్రము, తన పూర్వులు ఎక్కి తనకు అప్పగించిన మార్గము కన్నులయెదుట చెడిపోవుచున్నదను ఆవేదన కలదు. ఆవేదన సరియైనదే, కారణము చెప్పక కేకతో సరిపెట్టుటయే లోపము. రెండు వాక్యములలో కారణము చెప్పినచో, అదే క్రొత్తవాడు ఏడాది తిరుగునాటికి ఆ బండకు కావలివాడగును.

అదే అరణ్యమున పెద్దలు క్రొత్తవారికొరకు చేసిన మేలైన యేర్పాటును గూడ చెప్పకపోవుట పక్షపాతమగును. 1947 మొదలుకొని అచ్చట గుండ్లమీద రంగు గుర్తులు వేసి, ఒక గుండు నుండి మరియొక గుండునకు వరుసగా పోవునట్లు మార్గములను ఏర్పరచుచు వచ్చిరి. పసుపు సులభము, నారింజ, నీలము, ఎరుపు క్రమముగా కఠినము, నలుపు మరింత కఠినము. ఒకే గుండునకు ఒక ప్రక్క పసుపు గుర్తును, వేరొక ప్రక్క నలుపు గుర్తును ఉండుట కలదు. అందువలన మొదటి దినపు బాలుడును, చేయి తిరిగిన ఆరోహకుడును ఒకే చెట్టునీడను కూర్చుండి, ఎవరి శక్తికి తగిన మార్గమున వారు శ్రమింతురు. క్రొత్తవానిని వేరొక చోటికి తరిమివేయక, తమ నడుమనే అతనికి తావు కల్పించుట పెద్దరికమునకు తగిన పని.

మరచిపోయిన మెట్లు

మూడవ ఫిర్యాదగు పెదవివిరుపునకు మూలము అహంకారము కొంత, మరపు కొంత. నా యెరుకలో మరపు పాలే యెక్కువ. కష్టమును కొలుచుటకు ఆరోహకులు కల్పించుకొన్న కొలమానముల చరిత్రయే ఇందుకు సాక్ష్యము. 1950 దశకమున దక్షిణ కాలిఫోర్నియాలోని తాకీట్జ్ బండపై అభ్యసించిన కొందరు, త్రాటి రక్షణ అవసరమైన ఆరోహణములను 5.0 మొదలు 5.9 వరకు విభజించిరి. చేతులతోను కాళ్లతోను మాత్రమే మనుష్యుడు ఎక్కగల కష్టమునకు 5.9 తుది మెట్టని వారి యుద్దేశము. కాలక్రమమున ఆ మెట్టును దాటినవారు పుట్టగా 5.10 అను వింత అంకెను కల్పింపవలసివచ్చెను; నేడు ఆ కొలమానము 5.15 వరకు ప్రాకినది. ఒక తరమునకు మానవశక్తి యొక్క హద్దుగా తోచినది మరియొక తరమునకు వారాంతపు వ్యాయామమైనది. అంతేకాక, తాము తుది మెట్టును దాటితిమని చెప్పుకొనుటకు సంకోచించిన పాతకాలపు ఆరోహకులు అంతకు మించిన మార్గములకును 5.9 అనియే పేరు పెట్టి యుండుటచేత, ఆ అంకెను నమ్మి యెక్కబోయిన నేటి క్రొత్తవాడు నడిబండలో నిలిచి, లోపము తనలోనే యున్నదని క్రుంగిపోవుట తరచు జరుగుచున్నది.

కావున ప్రవీణుడు ఒక మార్గమును చూచి సులభమని చెప్పినపుడు, అతడు బండను గూర్చి చెప్పినదానికంటె తన్ను గూర్చి చెప్పినదే యెక్కువ. చేయి తిరిగిన వంటకత్తెను పులుసు ఎట్లు చేయవలెనని అడిగినచో, “ఉప్పు తగినంత వేయి, చింతపండు చాలినంత పిండు” అని చెప్పి ఊరకుండును. ఆ ‘తగినంత’ యెంతయో తెలియకయే కదా అడిగినవాడు అడిగినది! ఆమె దాచినది ఏమియు లేదు. ఆమె చేయి ఎరిగినదానిని ఆమె నాలుక చెప్పలేకున్నది. శిలారోహకుని సంగతియు అట్టిదే. బరువును చేతులమీద గాక కాళ్లమీద నిలుపుట, నడుమును బండకు చేరువగా నుంచుట, పట్టును అవసరమునకు మించి బిగింపకుండుట మొదలైనవి ఒకప్పుడు అతడు చెమటోడ్చి నేర్చినవే. నేడు అవి దేహమున కలిసిపోయి, తలచినను తలపునకు రాకున్నవి. ఎక్కివచ్చిన మెట్లను మరచినవాడు, క్రిందివారికి మెట్లే అక్కరలేదని భ్రమించును.

ఎక్కుట వేరు, నేర్పుట వేరు

ఈ భ్రమకు లోబడని మహాపురుషుని ఉదాహరణము ఒకటి మన దేశముననే కలదు. 1953 మే 29న ఎడ్మండ్ హిల్లరీతో కూడ ఎవరెస్టు శిఖరమున నిలిచిన టెన్సింగ్ నార్గే, 1935 మొదలుకొని ఆ పర్వతమునకు పోయిన యాత్రలలో బరువులు మోయుచు ఆరంభించి, మంచును రాతిని దేహముతో చదివినవాడు. ఎవరెస్టునెక్కిన మరుసటి సంవత్సరము నవంబరులో డార్జిలింగున హిమాలయ పర్వతారోహణ సంస్థ నెలకొల్పబడి, క్షేత్రశిక్షణకు ఆయన అధిపతి యయ్యెను. ఆ బాధ్యతను వహించుటకు సన్నాహముగా, లోకమంతయు పొగడుచున్న ఆ దినములలోనే, ఆయన మరి కొందరు షెర్పాలతో స్విట్జర్లాండునకు పోయి, ఆర్నాల్డ్ గ్లాత్‌హార్డ్ నడుపుచుండిన రోజన్‌లావి పాఠశాలలో శిక్షణ పొందెను. భూమిపై అంతకంటె ఎత్తైన చోటు లేదన్న చోటికి ఎక్కి దిగినవాడు, క్రొత్తవారికి ఎట్లు నేర్పవలెనో తెలిసికొనుటకు మరల విద్యార్థి యగుట చిన్న సంగతి కాదు. నాకు వచ్చును గనుక నేను నేర్పగలను అను భ్రమను తెంచుకొనవలసిన ప్రవీణులకు ఇంతకు మించిన పాఠము అక్కరలేదు.

నేర్పుట యొక్క ఫలము ఎంత త్వరగా పండగలదో 1931 నాటి కాలిఫోర్నియా వృత్తాంతము తెలుపును. హార్వర్డు విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము బోధించుచుండిన రాబర్ట్ అండర్‌హిల్ ఆ వేసవిలో సియెర్రా పర్వతములకు వచ్చి, అక్కడివారికి త్రాటిని శాస్త్రీయముగా వాడు విధానమును నేర్పెను. ఆ శిష్యులలో జూల్స్ ఐకార్న్, గ్లెన్ డాసన్ అను యువకులకు ఇరువదియేండ్లైన నిండలేదు. ఆగస్టు 16న గురువును, ఈ ఇరువురు యువకులును, ఆ కొండలలో ఒంటరిగా తిరిగి తలపండిన నార్మన్ క్లైడును కలిసి, అంతవరకు ఎవరును ఎక్కని విట్నీ పర్వతపు తూర్పు ముఖమును అధిరోహించిరి. అండర్‌హిల్ తన విద్యను గుట్టుగా దాచుకొనియున్నచో ఆ యాత్ర ఆయనకే జరిగెడిది కాదు. నేర్పినవానికి దొరకు మొదటి ప్రతిఫలము, తనతో సమానముగా నడువగల తోడు.

తెలుగునాట ఇట్టి బోధకు నెలవైనది భువనగిరి. హైదరాబాదు నుండి వరంగల్లు పోవు దారిలో, కోటను తలపై మోయుచు నిలిచిన ఆ ఏకశిలపై మొదటి పాఠములు చదివిన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్, పిదప డార్జిలింగున టెన్సింగు బోధించిన ఆ సంస్థలోనే శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టును అధిరోహించిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. బండ దగ్గరకు వచ్చిన మొదటి దినమున ఆ పిల్లలను చూచినవారికి, వారియందు పర్వతారోహకులను గుర్తించుటకు ఏ ఆనవాలును ఉండియుండదు. క్రొత్తవాని మొదటి దినమును చూచి అతని తుదిని నిర్ణయింపగల ప్రవీణుడు ఇంకను పుట్టలేదు. కావున అట్టి నిర్ణయములు చేయకుండుటయే వివేకము.

మాట ఎక్కడ, మౌనమెక్కడ

ఇక ప్రవీణుడు క్రొత్తవానితో ఏమి చెప్పవలెను, ఏమి చెప్పరాదు అను ముఖ్యప్రశ్నకు వత్తము. బండ దగ్గర రెండు విధములైన విషయములు కలవు. ముడి సరిగా పడినదా, నడుమునకు తొడుగు పట్టీయగు హార్నెస్ బిగిసినదా, త్రాడు పట్టినవాడు సిద్ధముగా నున్నాడా అనునవి ప్రాణమునకు సంబంధించినవి. ఏ పట్టును ఏ చేతితో అందుకొనవలెను, ఏ అంచుపై ఏ కాలు మోపవలెను అనునవి ఆ ఆరోహణమునకు మాత్రమే సంబంధించినవి. మొదటి వానియందు అడుగకున్నను చెప్పవలెను. పరిచయము లేకున్నను చెప్పవలెను. వాడు నొచ్చుకొన్నను చెప్పవలెను. రెండవ వానియందు అడుగువరకు ఊరకుండవలెను. లోకమున పెక్కురు ప్రవీణులు దీనిని తలక్రిందులు చేయుదురు: పరిచయము లేనివాని ముడిని సవరింప మొగమోటపడి, వాడు బండమీద ఆలోచించుచు నిలిచినపుడు మాత్రము క్రిందనుండి “ఎడమకాలు పైకి, కుడిచేయి ఆ మూలకు” అని ఎడతెగక సలహాలు కురిపింతురు.

అడుగని సలహా యెందుకు హానికరము? ఒక మార్గమును మొదటిసారి చూచి స్వయముగా పరిష్కరించు సంతోషము ఒక్కమారే దొరకును; చెప్పివేసిన పిమ్మట అది తిరిగి రాదు. అంతకంటె ముఖ్యముగా, ఒకని దేహమునకు సరిపడు ఉపాయము మరియొకనికి సరిపడదు. యోసెమిటీ లోయలో ఎల్ కాపిటాన్ అను మూడువేల అడుగుల శిలపై ‘నోస్’ అను ప్రసిద్ధమార్గమును 1958లో మేకులు కొట్టి, వానిని ఆధారముగా పట్టుకొని ఎక్కిరి. అట్టి ఆధారములపై బరువు మోపక, త్రాటిని రక్షణకు మాత్రమే ఉంచుకొని ఎక్కవలెనని ఆ పిమ్మట బలిష్ఠులైన పురుషులెందరో యత్నించి విఫలులైరి. 1993లో దానిని సాధించినది లిన్ హిల్ అను పొట్టిమనిషి. ఆమె యెత్తు ఐదడుగుల రెండంగుళములు. పొడుగు చేతులవారు చెప్పగలిగిన సలహాలు ఆమెకు పనికిరావు. తన చిన్న వ్రేళ్లకు, తన దేహపు ఒడుపునకు సరిపడు కదలికలను ఆమె తానే కనుగొనవలసివచ్చెను.

ప్రాణమునకు ముప్పు లేనిచోట పడనిచ్చుట గూడ బోధలో భాగమే. 1932 ప్రాంతమున బర్క్‌లీ పట్టణపు చిన్న బండలపై డిక్ లెనార్డును అతని మిత్రులును కావలెనని జారిపడుచు, ఆ పడుటను త్రాటితో ఆపు విద్యను సాధన చేసిరి. ముందెక్కువాడు ఎన్నడును పడరాదు అనునదే ఆ కాలపు కట్టుబాటు. నాటి నార త్రాళ్లు ఒక్క ఊపున బిగిసినచో తెగిపోవు భయమును ఉండెను. వారు త్రాటిని కొంచెము కొంచెముగా జారనిచ్చుచు పడువాని వేగమును అణచు పద్ధతిని అభ్యసించి, నేలకు దగ్గరగానే పతనమునకు అలవాటు పడిరి. తప్పు చేయుటకు క్షేమమైన తావు ఉన్నచోట విద్య త్వరగా అబ్బును. అట్టి తావును కల్పించి, తరువాత నోరు మూసికొనుట గురువు పని.

క్రొత్తవాని వంతు

అడుగువరకు ఊరకుండవలెనను రెండవ సూత్రమునకు వలెనే, ప్రాణమునకు సంబంధించినది అడుగకున్నను చెప్పవలెనను మొదటి సూత్రమునకును లిన్ హిల్ జీవితముననే సాక్ష్యము కలదు. 1989లో, అప్పటికే లోకప్రసిద్ధురాలైన ఆమె ఫ్రాన్సులోని బ్యూక్స్ అను చోట ఒక మార్గమునెక్కుటకు సిద్ధపడుచు, త్రాటిని హార్నెస్‌లో దూర్చి, ధ్యాస మరలుటచే ముడిని పూర్తి చేయకయే బయలుదేరెను. పైకి చేరి దిగుటకై వెనుకకు వాలినపుడు త్రాడు జారిపోగా, ఆమె డెబ్బది యడుగులకు పైగా ఎత్తునుండి పడెను. ఒక చెట్టు అడ్డుపడుటచే ప్రాణము దక్కెను. ఆ ముడిని వేయుట ఆమెకు వ్రేళ్లకు అలవాటైన పని. అట్టి పనియందే ధ్యాస తప్పును. ఆ క్షణమున క్రింద నిలిచినవారిలో ఎవరైనను, ఎంత క్రొత్తవారైనను, “అక్కా, ముడి చూచుకొన్నారా?” అని అడిగియున్నచో ఆ ప్రమాదము తప్పెడిది.

అందుచేత నేడు శిక్షణ యిచ్చు చోట్లనెల్ల, బయలుదేరుటకు ముందు ఒకరి ముడిని మరియొకరు కంటితో చూచి, చేతితో తాకి పరీక్షింపవలెనని నియమము. ఇందు పెద్ద చిన్న అను భేదము లేదు. క్రొత్తవాడా, పెద్దల గద్దింపును విన్నపుడు దానిలోని కారణమును వెదకుము, కనబడనిచో, “ఎందుకు సార్?” అని అడుగుము. పలుకరింపని పెద్దవాడు బండ దిగివచ్చువరకు ఓపిక పట్టుము. నీకు కావలసినది సలహాయో, త్రాడు పట్టు తోడు మాత్రమో ముందే తెలుపుము. అన్నింటికంటె ముఖ్యముగా, అతడు ఎంతవాడైనను అతని ముడిని చూడకుండ ఎక్కనీయకుము. నీ ప్రశ్నకు సంతోషించినవానియొద్ద నేర్చుకొనుము. కోపించినవానితో మరల త్రాడు కలుపకుము.

ఆచరణ

పెద్దలు కొందరు ఇక్కడ ఒక ఆక్షేపణ చేయుదురు: “మేమును తిట్లు తినియే నేర్చితిమి, మెత్తదనముచే విద్య చెడును.” కాఠిన్యము విద్యకు అవసరమనుట నిజమే. కాని ఆ పనికి బండ చాలును. అది పట్టు తప్పినవానిని క్షమింపదు, ముఖస్తుతి చేయదు, ఎవని గొప్పతనమును చూచి తలవంచదు. మనిషి దానికి మరికొంత కాఠిన్యమును చేర్చినందున క్రొత్తవాని వ్రేళ్లకు బలము రాదు; అడుగవలసిన ప్రశ్న అతని గొంతులో నిలిచిపోవును. బండ దగ్గర అడుగని ప్రశ్న యెట్టి ఫలమునిచ్చునో పైన చూచితిమి.

పాఠకుడు బండనెక్కువాడు కాకపోవచ్చును. ఆసుపత్రిలోనో, కర్మాగారములోనో, పాఠశాలలోనో, వంటయింటిలోనో అతనికి వెనుక చేరినవాడు ఒకడు తప్పక ఉండును. ఈ వారముననే ఒక కాగితము తీసికొని, నీ పనిలో క్రొత్తవానికిగాని, ఇతరులకుగాని నిజముగా హాని చేయగల పొరపాట్లను వ్రాయుము, నాలుగైదునకు మించవు. వానిని మొదటి దినముననే, కారణములతో కూడ, అతనికి చెప్పుము. తక్కినవానిని గూర్చి అతడు అడుగువరకు నోరు మెదపకుము. అడిగిననాడు “తగినంత” అనక, ఎంతయో చెప్పుము. తరువాత నీవు ముగించిన పనిని ఒకదానిని అతని చేతికిచ్చి, “ఇందులో తప్పున్నదేమో చూడుము” అని అడుగుము. అతడు తప్పు చూపించినచో దిద్దుకొనుము. చూపించినందుకు పదిమంది యెదుట అతనిని మెచ్చుకొనుము. మరునాటి నుండి అతడు నీ పనిని గూడ కనిపెట్టి యుండును.